పుట్టుకతో వచ్చే కంటి టాక్సోప్లాస్మోసిస్: ప్రయోగానికి ఏ జంతువును ఎంచుకోవాలి?

విద్యార్థిని_వరంగల్

సభ్యులందరికీ నమస్కారం. తల్లి కడుపులో ఉండగానే టాక్సోప్లాస్మా గోండీ అనే పరాన్నజీవి సోకి రెటీనా, దాని వెనకనున్న కోరాయిడ్ పొర దెబ్బతిన్న పిల్లల వ్యాధి మీద నేను పీహెచ్‌డీ పని మొదలుపెట్టబోతున్నాను. ఏ జంతువుతో పని చేయాలన్నది ముందుగా తేల్చుకోవాలి. మా ప్రయోగశాలలో కుందేళ్లతో పనిచేసిన అనుభవం ఉంది. పరాన్నజీవిని సన్నని సూదితో నేరుగా కంటిలోకి ఎక్కిస్తే కొద్ది రోజుల్లోనే రెటీనాలో వాపు కనిపిస్తుంది, కుందేలు కన్ను పెద్దది కాబట్టి పరీక్షించడమూ సులువే. మా గైడ్ గారు ఆ దారినే సూచిస్తున్నారు. నాకు మాత్రం చూడి చుంచెలుకలకు నోటి ద్వారా సిస్టులు (పరాన్నజీవి కణజాలంలో కట్టుకునే గూళ్లు) ఇచ్చి, పుట్టిన పిల్లల కళ్లను పరీక్షించడమే ఈ ప్రశ్నకు తగిన పని అనిపిస్తోంది. ఏ జంతువు ఏ ప్రశ్నకు పనికివస్తుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో ఈ రంగంలో పనిచేసినవారు వివరంగా చెప్పగలరా?

రెటీనా_వైద్యుడు

జంతువు సంగతికి వెళ్లే ముందు మనిషిలో ఈ వ్యాధి ఎలా ఉంటుందో మనసులో పెట్టుకోవడం అవసరం, ఎందుకంటే నమూనా దేనికి నమూనాయో తెలియకపోతే ఎంపికకు అర్థం లేదు. 1923లో ప్రాగ్ నగరంలో యోసెఫ్ యాంకూ అనే కంటి వైద్యుడు, తలలో నీరు చేరి మరణించిన ఒక పసిబిడ్డ రెటీనాలో ఈ పరాన్నజీవులను చూసి వర్ణించారు. అది టాక్సోప్లాస్మాయే అని, తల్లి నుంచే బిడ్డకు వస్తుందని న్యూయార్క్‌లో వుల్ఫ్, కోవెన్, పేజ్ అనే ముగ్గురు 1939లో నిరూపించారు. మరణించిన శిశువు కణజాలాన్ని వారు కుందేళ్లకు, చుంచెలుకలకు ఎక్కించి వాటిలో పరాన్నజీవిని తిరిగి పట్టుకున్నారు కనుక, ఈ వ్యాధి మనకు అర్థం కావడంలో జంతువుల పాత్ర మొదటి రోజు నుంచే ఉంది.

ఇక వ్యాధి నడక. తల్లికి గర్భవతిగా ఉన్నప్పుడు మొదటిసారి ఈ సోకు వస్తే, నెలలు పెరిగేకొద్దీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 603 మంది గర్భిణులను పరిశీలించి 1999లో ప్రచురించిన లెక్క ప్రకారం తల్లికి 13వ వారంలో సోకితే బిడ్డకు చేరే అవకాశం 6 శాతం, 26వ వారంలో 40 శాతం, 36వ వారంలో 72 శాతం. తీవ్రత మాత్రం దీనికి తలకిందులుగా ఉంటుంది: తొలి నెలల్లో సోకిన బిడ్డలు తక్కువే అయినా వారికి జరిగే నష్టం చాలా ఎక్కువ. కంటిలో మచ్చ తరచుగా మాక్యులా మీదే, అంటే చూపులో అత్యంత స్పష్టమైన భాగానికి ఆధారమైన చోటే పడుతుంది. పైగా పుట్టినప్పుడు కన్ను బాగానే ఉన్నా ఏళ్ల తరువాత పాత మచ్చ అంచున కొత్త పుండు లేవవచ్చు. మావి దాటడం, గర్భకాలాన్ని బట్టి ఫలితం మారడం, మాక్యులా దెబ్బతినడం, ఏళ్ల తరువాత తిరగబెట్టడం అనే నాలుగింటిలో మీ జంతువు ఎన్నిటిని చూపగలదో ముందు లెక్క వేసుకోండి. కంటిలోకి సూదితో ఎక్కించిన కుందేలు మొదటి మూడింటిలో ఒక్కదాన్నీ చూపలేదు.

పశువైద్య_తిరుపతి

కుందేలు పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయవద్దని నా మనవి. 1960ల చివర శాన్‌ఫ్రాన్సిస్కోలో నోజిక్, ఓకానర్ గార్లు కుందేలు కంటిలో తెచ్చిన ఆ రెటీనా వాపు మీదే చాలా కాలం మందుల పరీక్షలు నడిచాయి. ఏ రోజు, ఏ చోట, ఎంత మోతాదులో వ్యాధి మొదలైందో తెలిసి ఉండడం ఆ పద్ధతికున్న బలం. అయితే దాన్ని కంటి వాపుకు నమూనా అనాలి గానీ పుట్టుకతో వచ్చే వ్యాధికి నమూనా అనకూడదు. కుందేలు రెటీనాలో రక్తనాళాలు నరం బయలుదేరే చోటు నుంచి అటూ ఇటూ ఒక పట్టీలా మాత్రమే ఉంటాయి, మిగతా రెటీనా నాళాలు లేకుండానే ఉంటుంది. రక్తం ద్వారా కంటికి చేరే పరాన్నజీవి గురించి అడిగే ప్రశ్నకు అది పెద్ద లోపమే.

మావి విషయం మా పశువైద్యులకు బాగా దగ్గరిది. గొర్రెలలో టాక్సోప్లాస్మా వల్ల మందలో చూడి గొర్రెలు ఈసుకుపోవడం ప్రపంచమంతటా ఉన్న సమస్య. న్యూజీలాండ్‌లో 1980ల చివర ఎస్48 అనే బలహీనపరచిన రకంతో గొర్రెలకు టీకా కూడా వచ్చింది. గొర్రె మావిలో తల్లి రక్తానికీ పిల్ల రక్తానికీ నడుమ పొరలు ఎక్కువ, అందువల్ల తల్లి యాంటీబాడీలు కడుపులోని పిల్లకు చేరవు, ముర్రుపాలతోనే చేరతాయి. ఇందులో ఒక గొప్ప సౌలభ్యం ఉంది: ముర్రుపాలు తాగకముందు గొర్రెపిల్ల రక్తంలో యాంటీబాడీలు కనిపిస్తే అవి ఆ పిల్ల సొంతంగా తయారుచేసుకున్నవే, అంటే కడుపులోనే సోకిందని నిర్ధారణ అయినట్టే. మనిషి బిడ్డలోనూ చుంచెలుక పిల్లలోనూ ఆ సౌలభ్యం లేదు.

మావి నిర్మాణంలో మనిషికి దగ్గరగా వచ్చే చిన్న జంతువు కావాలంటే గినీ పందిని చూడండి. దాని గర్భకాలం సుమారు 65 నుంచి 68 రోజులు, మావిలో తల్లి రక్తానికీ పిల్లకూ మధ్య మనిషిలో లాగానే ఒకే వరుస పొర ఉంటుంది, పిల్లలు కళ్లు తెరుచుకునే పుడతాయి. తల్లికి ఏ దశలో సోకితే పిల్లకు ఎంత చేరుతుందన్న ప్రశ్నకు అది మంచి జంతువు. కానీ గినీ పంది రెటీనాలో రక్తనాళాలే ఉండవు, అది కోరాయిడ్ మీదే ఆధారపడి బతుకుతుంది. మావికి అంత చక్కగా సరిపోయిన జంతువు కంటి దగ్గరకు వచ్చేసరికి ఇలా వెనకబడడం నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం.

ఇమ్యునాలజీ_హ్యూస్టన్

చుంచెలుక మీద నాకు గౌరవం ఉంది, అయినా దాని రోగనిరోధక వ్యవస్థ మనదానికి ఎక్కడ వేరుగా ఉందో విద్యార్థిని గారు ముందే తెలుసుకోవాలి. చుంచెలుక కణాలు టాక్సోప్లాస్మాలోని ప్రొఫిలిన్ అనే ప్రొటీన్‌ను టీఎల్ఆర్11, టీఎల్ఆర్12 అనే గ్రాహకాలతో గుర్తుపడతాయి. మనిషిలో టీఎల్ఆర్11 జన్యువు పాడైపోయి పనిచేయకుండా ఉంది, టీఎల్ఆర్12 అసలే లేదు. ఇంటర్‌ఫెరాన్ గామా అనే రోగనిరోధక సంకేత ప్రొటీన్ ప్రేరణతో చుంచెలుక కణంలో ఐఆర్‌జీ అనే ప్రొటీన్లు పరాన్నజీవి చుట్టూ ఉన్న సంచిని చీల్చివేస్తాయి. చుంచెలుకలో ఈ కుటుంబపు జన్యువులు ఇరవైకి పైగా ఉండగా మనలో మిగిలినవి రెండే. ఆ ఐఆర్‌జీ ప్రొటీన్లను పడగొట్టడానికే పరాన్నజీవి ఆర్‌ఓపీ18, ఆర్‌ఓపీ5 అనే తన సొంత ప్రొటీన్లను ఆయుధాలుగా వాడుతుంది. అందుకే ఆర్‌హెచ్ వంటి మొదటి రకానికి చెందిన పరాన్నజీవి ఒక్కటి ఎక్కినా చుంచెలుక చనిపోతుంది. దాన్ని బట్టి ఆ రకం మనిషికీ అంత ప్రమాదకరమని చెప్పడం సరికాదు.

దీని వల్ల తేలేదేమిటంటే, ఫలానా రకం తీవ్రమైనది అని చుంచెలుకను చూసి తీర్పు చెప్పకూడదు. మనుషులలోనూ ప్రాంతాన్ని బట్టి తేడా చాలా ఉంది. లియాన్‌లో గర్భంలోనే సోకిన పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తే సుమారు 30 శాతం మందికి కంటిలో మచ్చలు వచ్చాయి. బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో పుట్టిన పిల్లలందరినీ పరీక్షించి గుర్తించిన బాధిత శిశువుల్లో దాదాపు 80 శాతం మందికి నెలల వయసులోనే మచ్చలు ఉన్నాయి. దక్షిణ అమెరికాలో తిరిగే పరాన్నజీవి రకాలు ఐరోపాలో ఎక్కువగా ఉన్న రెండో రకం కన్నా జన్యుపరంగా భిన్నమైనవి. చాలా ప్రయోగశాలల్లో వాడే ఎంఈ49 రెండో రకానిది, 1960లలో కాలిఫోర్నియాలో ఒక గొర్రె కండరం నుంచి వేరుచేసినది. అది సిస్టులు చక్కగా కడుతుంది కాబట్టి మీ పనికి పనికివస్తుంది. కాని దానితో వచ్చిన ఫలితాన్ని బ్రెజిల్ శిశువుకు అన్వయించలేరు.

కాకినాడ_అమ్మ

నేను శాస్త్రవేత్తను కాను, ఈ చర్చను చదువుతూ వచ్చాను. మా పాపకు పుట్టుకతోనే ఈ వ్యాధి ఉన్నట్టు తేలి ఏడాది పాటు మందులు వాడాము. ఒక కంటిలో మచ్చ ఉంది. పెద్దయ్యాక మళ్లీ రావచ్చు కాబట్టి పరీక్షలు మానవద్దని డాక్టర్లు చెప్పారు. మందులు వాడినా ఎందుకు మళ్లీ వస్తుంది, ఈ జంతువుల మీద చేసిన పరిశోధనల వల్ల మా పాప వంటి పిల్లలకు నిజంగా ఏమి మేలు జరిగింది అని అడగవచ్చునా?

రెటీనా_వైద్యుడు

తప్పక అడగవచ్చునమ్మా. మన శరీరంలో ఈ పరాన్నజీవికి రెండు రూపాలున్నాయి. వేగంగా విభజన చెందే రూపాన్ని పైరిమెథమిన్, సల్ఫాడయాజిన్ మందులు అదుపు చేస్తాయి. కణాలలో సిస్టు కట్టుకుని నెమ్మదిగా బతికే రూపాన్ని మాత్రం ఇవి చంపలేవు. రెటీనాలో మిగిలిన సిస్టు ఎప్పుడైనా పగిలితే ఆ చోట మళ్లీ పుండు లేస్తుంది. మీ డాక్టర్లు పరీక్షలు మానవద్దన్నది అందుకే. పాపకు చూపు మసకబారడం, కంటి ముందు నల్లని చుక్కలు ఆడడం, కన్ను ఎర్రబడడం వంటివి కనిపిస్తే గడువు కోసం ఆగకుండా వెంటనే చూపించండి. తనంతట చెప్పగల వయసు వచ్చాక ఒక్కో కన్ను మూసి చూపును పోల్చుకోవడం నేర్పండి.

మేలు సంగతికి వస్తే, నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో 1990లలో రీసస్ కోతుల మీద జరిగిన పని గురించి చెప్పాలి. గర్భంతో ఉన్న కోతికి సోకించి, పిల్ల చుట్టూ ఉన్న ఉమ్మనీటిలో పరాన్నజీవి కోసం వెతికి, తల్లికి మందులిచ్చి పిల్లలో ఎంత మందు చేరిందో కొలిచారు. స్పైరమైసిన్ అనే మందు మావిలో బాగా చేరుతుంది కాని కడుపులోని పిల్ల మెదడులో కనిపించలేదు. పైరిమెథమిన్ మాత్రం మెదడుకు చేరింది. సోకు మావిని దాటకుండా స్పైరమైసిన్, బిడ్డకు చేరిందని తేలాక పైరిమెథమిన్, సల్ఫాడయాజిన్ అనే వైద్య పద్ధతికి ఈ కొలతలు గట్టి ఆధారమిచ్చాయి. పైరిమెథమిన్ ఎలుక పిల్లల్లో అవయవ లోపాలు తెస్తుందని తెలిసినందువల్లే దాన్ని గర్భిణులకు తొలి నెలల్లో ఇవ్వరు.

జంతు_సంక్షేమం

కోతుల ప్రస్తావన వచ్చింది కాబట్టి రెండు మాటలు. మాక్యులా ఉన్న ప్రయోగ జంతువు కోతి జాతి ఒక్కటే, గర్భకాలం సుమారు 165 రోజులు కావడంతో నెలల వారీగా ప్రశ్నలు అడగడానికీ వీలుంటుంది. అయినా ఒక పీహెచ్‌డీ ప్రశ్న కోసం కోతిని కోరడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ఏర్పడిన కమిటీ నియమాల ప్రకారం చిన్న జంతువుల ప్రయోగాలను సంస్థలోని జంతు నైతికతా సంఘం పరిశీలిస్తుంది, కోతుల వంటి పెద్ద జంతువులకు కేంద్ర కమిటీ అనుమతి కావాలి. అడిగే ముందు ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికే ఉన్న కణజాల నిల్వలలోనో, దానం చేసిన మానవ నేత్రాల రెటీనా ముక్కలలోనో దొరకదా అని చూడాలి. మానవ రెటీనా ముక్కల మీద చేసిన పనిలోనే ఈ పరాన్నజీవి రెటీనాకు ఆధారంగా నిలిచే ముల్లర్ కణాలను ఎక్కువగా ఎంచుకుంటుందని తెలిసింది. దానికి ఏ జంతువూ అక్కరలేకపోయింది.

కుందేలు దారే ఎంచుకుంటే రెండు కళ్లలోకీ ఎక్కించవద్దు. జంతువు పూర్తిగా గుడ్డిదయ్యే ప్రయోగాన్ని ఏ సంఘమూ తేలికగా ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

సూక్ష్మదర్శిని

నేను కణజాల పరీక్షలు చేసేదాన్ని. ఈ చర్చలో ఇంకా ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది, నా దృష్టిలో చుంచెలుకతో పనిచేసేవారికి అదే అన్నిటికన్నా ముఖ్యం. చుంచెలుక జాతుల్లో చాలావాటికి సోకుతో సంబంధం లేకుండా రెటీనా దానంతటదే పాడైపోయే జన్యు లోపాలున్నాయి. సీ3హెచ్, ఎఫ్‌వీబీ జాతుల్లోనూ, స్విస్ పేరుతో అమ్మే అనేక మందల్లోనూ ఆర్‌డీ1 అనే లోపం ఉంటుంది. ఆ పిల్లల్లో వెలుతురును పసిగట్టే కణాల పొర పుట్టిన నాలుగైదు వారాల్లో దాదాపుగా అంతరించిపోతుంది. సిస్టుల పెంపకానికి స్విస్ ఎలుకలు చవక కాబట్టి చాలామంది వాటినే ప్రయోగానికీ వాడతారు. ఆరు వారాల పిల్ల కన్ను కోసి చూస్తే బయటి పొరలు పలచబడి కనిపిస్తాయి, సోకని పిల్లల కళ్లను పక్కన పెట్టి చూడకపోతే అది పరాన్నజీవి చేసిన పనే అని రాసేస్తారు.

సరే, నల్ల ఎలుకలు తీసుకుందాం అనుకుంటే అక్కడా జాగ్రత్త అవసరం. సి57 బ్లాక్6లో జె ఉపజాతికి ఈ బెడద లేదు గాని, ఎన్ ఉపజాతికి ఆర్‌డీ8 అనే లోపం ఉంది. దాని వల్ల కంటి లోపలి భాగాన్ని చూసేటప్పుడు రెటీనా మీద తెల్లని చుక్కలు కనిపిస్తాయి, కోతలో పొరలు ముడతలు పడి గులాబీ రేకుల్లా చుట్టుకుంటాయి. రెటీనా వాపుతో వచ్చే మచ్చలకూ వాటికీ తేడా చెప్పడం అనుభవం ఉన్నవారికే కష్టం. అందుచేత ఎలుకలు కొనగానే ప్రతి మందలోనూ తోక చివర ముక్కతో ఈ రెండు లోపాలకూ పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేయించండి.

బాల్బ్-సి తెల్ల ఎలుకకు ఈ లోపాలు లేవు. దానిలో మెదడు వాపు అంత తీవ్రంగా రాదు కాబట్టి పిల్లలు నెలల తరబడి బతుకుతాయి, పైగా మనిషిలో లాగానే గర్భానికి ముందే సోకిన తల్లి పిల్లలకు అందించదని, గర్భంలో తొలిసారి సోకితేనే అందిస్తుందని ఈ జాతిలో చూపారు. లోటల్లా రంగు లేకపోవడం. మనిషి కంటిలో పాత మచ్చను గుర్తుపట్టేది దాని చుట్టూ పేరుకున్న నల్లని వర్ణకంతోనే కదా, అది తెల్ల ఎలుకలో ఏర్పడదు. నా సలహా: వ్యాధి వ్యాప్తికి బాల్బ్-సి, మచ్చ రూపాన్ని చూడడానికి బ్లాక్6 జె.

పశువైద్య_తిరుపతి

సూక్ష్మదర్శిని గారు చెప్పినదానికి లెక్కల వైపు నుంచి ఒకటి కలుపుతాను. ఒక తల్లి ఈనిన ఈతలో ఎనిమిది పిల్లలు ఉంటే అవి ఎనిమిది స్వతంత్ర ఫలితాలు కావు. తల్లి ఎన్ని సిస్టులు మింగింది, ఏ రోజున మింగింది, దాని మావి ఎలా స్పందించింది అనేవి ఆ ఈతలోని పిల్లలన్నిటికీ ఉమ్మడి. కాబట్టి విశ్లేషణలో తల్లిని లేదా ఈతను ప్రమాణంగా తీసుకోవాలి, పిల్లను కాదు. నాలుగు తల్లుల నుంచి వచ్చిన ముప్పై పిల్లలను చూపి ముప్పై అని రాసే పత్రాలు ఇప్పటికీ వస్తున్నాయి. వాటి ముగింపులు ఎంత గట్టిగా రాసినా నేను నమ్మను.

ఇంకొకటి, పుట్టిన రోజునే సగం పిల్లలను సోకని తల్లికి మార్చి, ఆ తల్లి పిల్లలను ఇటు తెచ్చి పెంచండి. పుట్టాక పాల ద్వారానో గూటి ద్వారానో వచ్చిన సోకునూ కడుపులో వచ్చిన సోకునూ వేరుచేయడానికి ఇంతకన్నా తేలికైన మార్గం లేదు. యాంటీబాడీల పరీక్ష మీద ఆధారపడవద్దు. చుంచెలుక పిల్లకు కడుపులోనూ పాలలోనూ తల్లి యాంటీబాడీలు చేరి కొన్ని వారాల పాటు ఉంటాయి కాబట్టి ఆ పరీక్ష పిల్ల గురించి కాక తల్లి గురించి చెబుతుంది. పీసీఆర్ చేయండి. పరాన్నజీవి జన్యు పదార్థంలో రెండు మూడు వందల సార్లు పునరావృతమయ్యే 529 క్షార జతల భాగాన్ని వెతికితే చిన్న కంటిలోని కొద్దిపాటి పరాన్నజీవులైనా చిక్కుతాయి.

ఇమ్యునాలజీ_హ్యూస్టన్

రెటీనా_వైద్యుడు గారు మొదట చెప్పిన నాలుగో లక్షణం, ఏళ్ల తరువాత తిరగబెట్టడం, ఇంకా ఎవరి చేతికీ చిక్కలేదని విద్యార్థిని గారు తమ సినాప్సిస్‌లో దాచకుండా రాయాలని కోరుతున్నాను. 1980లలో లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు కోతుల కంటిలో వ్యాధి మానిన తరువాత వాటి రోగనిరోధక శక్తిని రేడియేషన్‌తో అణచివేసి చూశారు, అయినా పుండు తిరిగి లేవలేదు. హామ్‌స్టర్లలో దీర్ఘకాలం సిస్టులు నిలిచి కంటిలో వాపు వస్తుంది కాబట్టి సిస్టుల మీద పనిచేసే మందుల కోసం వాటిని వాడారు. అటోవాక్వోన్ అనే మందు మెదడు సిస్టుల సంఖ్యను తగ్గించగలదని అలా తెలిసింది. కాని మానిన మచ్చ అంచున దానంతటదే కొత్త పుండు లేవడాన్ని నమ్మకంగా చూపే జంతువు లేదు. కాకినాడ_అమ్మ గారి పాపకు అన్నిటికన్నా అవసరమైన జవాబు అక్కడే ఉంది. మన రంగం తన శ్రమలో ఎక్కువ భాగాన్ని సులువుగా కొలవగల మొదటి రెండు వారాల వాపు మీద ఖర్చు పెట్టడం నాకు ఎంత మాత్రం నచ్చదు.

విద్యార్థిని_వరంగల్

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఈ చర్చను మా గైడ్ గారికి చూపించాను. ప్రధాన ప్రయోగం చూడి బాల్బ్-సి ఎలుకలకు గర్భం పదకొండో రోజున ఎంఈ49 సిస్టులను నోటి ద్వారా ఇవ్వడంతో మొదలవుతుంది, ఈతను ప్రమాణంగా తీసుకుంటాము, పుట్టిన రోజునే తల్లులను మారుస్తాము, బ్లాక్6 జె పిల్లల్లో మచ్చ రూపాన్ని విడిగా చూస్తాము. కుందేలు ప్రయోగాన్ని వదిలేశాము. పిల్లలను ఆరు నెలల వరకూ ఉంచి కళ్లను నెలకోసారి పరీక్షించేందుకు నైతికతా సంఘాన్ని అడుగుతాము. ఒక్క సందేహం మిగిలింది: రెటీనాలో మచ్చ చాలా చిన్నదిగా ఉంటే కోతల్లో దాన్ని తప్పిపోకుండా పట్టుకోవడం ఎలా?

సూక్ష్మదర్శిని

మామూలు ఫార్మలిన్‌లో వేస్తే చుంచెలుక కంటిలో రెటీనా వెనక పొర నుంచి ఊడివస్తుంది, ఆ ఖాళీని వ్యాధి వల్ల వచ్చినదని పొరబడతారు. కణజాలాన్ని చెడకుండా నిలిపే డేవిడ్‌సన్ ద్రావణంలో ఒక రోజు ఉంచి తరువాత 70 శాతం ఆల్కహాల్‌కు మార్చండి. కన్ను తీసేటప్పుడే పైభాగాన కణజాలపు రంగుతో ఒక చుక్క పెడితే మైనంలో ఏ దిశలో కూర్చోబెట్టాలో తెలుస్తుంది. చుంచెలుక కంటిలో ఎక్కువ చోటు కటకానిదే, అది గట్టిపడి బ్లేడు తగలగానే పగిలి పక్కనున్న రెటీనాను చింపుతుంది కాబట్టి మైనపు దిమ్మను మంచు మీద ఉంచి, తడి ఆరకముందే నెమ్మదిగా కోయండి. నరం ఉన్న చోట మూడు కోతలు తీసి సరిపెట్టుకోవద్దు. కంటిని ఒక అంచు నుంచి మరో అంచు వరకూ వరుసగా కోసి, ప్రతి పదో కోతకు రంగు వేసి చూడండి, మిగతా తొమ్మిదింటినీ దాచండి. అనుమానం వచ్చిన చోట వాటికి ఇరుగుపొరుగు కోతల మీద పరాన్నజీవి యాంటీబాడీతో రంగు వేయవచ్చు. ఒక కంటిని ఇలా కోతలకూ రెండో కంటిని పీసీఆర్‌కూ కేటాయించేటప్పుడు ఏ కన్ను దేనికో చీటీ వేసి నిర్ణయించండి, ఎందుకంటే బయటికి బాగా వాచినట్టు కనిపించే కంటిని చేయి తెలియకుండానే కోతల వైపుకు తీసుకుంటుంది.